మొదటి లేత్‌కు హార్స్‌పవర్ కన్నా కనిష్ఠ వేగమే ముఖ్యం
ఇంటి వర్క్‌షాప్‌కు మొదటి లేత్‌ను (చెక్కను గిరగిరా తిప్పుతుంటే ఉలితో ఆకారం తీర్చే యంత్రం) మోటారు హార్స్‌పవర్ చూసి ఎంచుకోవాలని ఒక వ్యాసంలో రాసిన వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా చూడవలసింది ఆ యంత్రం ఎంత నెమ్మదిగా తిరగగలదన్నది. 10 అంగుళాల గిన్నె కోసం కోసిన దిమ్మె మొదట్లో గుండ్రంగా ఉండదు, బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని నిమిషానికి 400, 500 చుట్లకు మించి తిప్పితే బల్లతో సహా లేత్ అదిరిపోతుంది, చెక్కను బిగించి పట్టే చక్ పట్టు సడలిందంటే దిమ్మె నేరుగా ముఖం మీదికే రావచ్చు. చవక రకాల్లో కనిష్ఠ వేగమే 700 దాటి ఉండడం నేను గమనించాను. ఏటికొప్పాక లక్కబొమ్మల పని వేరు; అక్కడ వాడే అంకుడు కర్ర మెత్తనిది, ముక్క చిన్నది, పైగా తిరిగే కర్రకు ఆనించిన లక్క కరిగి అంటుకోవడానికి రాపిడి వేడి కావాలి కనుక వేగం ఉండాల్సిందే. బొంగరాలు, బొమ్మలు చేయదలచినవారికి చిన్న లేత్ చక్కగా సరిపోతుంది. గిన్నెలు చేయాలనుకునేవారు మాత్రం వేగాన్ని బాగా తగ్గించుకోగల, పోత ఇనుముతో చేసిన బరువైన లేత్‌నే తీసుకోవాలి. చక్‌ను బిగించే స్పిండిల్ (తిరిగే ఇరుసు) మరలు ప్రామాణిక కొలతలో ఉన్నాయో లేదో కూడా కొనేముందే అడగాలి, లేకుంటే తర్వాత సరిపోయే చక్ దొరకడం కష్టం.