సవరణ: ‘విన్నది బయటికి పొక్కనీయొద్దు’ అన్న మాట గురించి

నల్గొండ, దేవరకొండ వైపు క్రైస్తవ సంఘాల్లో పనిచేసే కాపరుల (పాస్టర్ల) కోసం కౌన్సెలింగ్ నేర్చుకోవడంపై మొన్న పెట్టిన పోస్టులో ‘విన్నది ఎవరికీ చెప్పొద్దు’ అని రాశాను. దాన్ని ఏ మినహాయింపూ లేని నియమంగా తీసుకోవద్దు.

పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరుకైనా మినహాయింపు లేదు. సంఘపెద్దల మధ్య సర్దుబాటు చేయడం ఆ బిడ్డకు మళ్లీ అన్యాయం చేయడమే. ఈ హద్దును మాట మొదలుపెట్టేటప్పుడే చెప్పేయాలి.

రెండోది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అప్పుల్లో ఉన్న పత్తి రైతు ‘నేనుండి ఏం లాభం అయ్యగారూ’ అంటే, వెంటనే బైబిల్ వాక్యం చదివి ప్రార్థనకు దిగకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. పురుగుమందు ఎక్కడుందో కనుక్కుని, ఇంట్లోవాళ్లతో చెప్పి అక్కడి నుంచి తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసిచ్చి పంపేయకుండా పక్కనే కూర్చుని ఫోన్ కలపండి. ప్రార్థన ఆ తర్వాతైనా చేయొచ్చు.