మందు కొట్టాక అది ఎక్కడికి పోతోంది?

పెస్ట్ కంట్రోల్ చేయించాక ఇల్లంతా ఘాటుగా వాసనొస్తే "గట్టి మందే కొట్టారు" అని తృప్తిపడతాం, వాసన రాకపోతే "నీళ్లు కొట్టి డబ్బులు పట్టుకుపోయారు" అని తిట్టుకుంటాం. నన్నడిగితే మన ఇళ్లలో అసలు సమస్య ఈ లెక్క దగ్గరే మొదలవుతుంది. గత నలభై ఏళ్లలో ఇంటి పురుగుల మీద వచ్చిన మంచి ఆవిష్కరణలు చాలావరకు విషాన్ని తగ్గించి, ఆ కాస్త విషాన్నీ సరిగ్గా పురుగు నోటికి చేర్చడం మీద ఆలోచించి చేసినవి. మన బజార్లో మాత్రం ఇప్పటికీ అమ్ముడుపోయేది వాసన, కళ్లముందే గిలగిలా కొట్టుకుని చచ్చే పురుగు.

గ్యాస్ గట్టు దగ్గర తిరిగే చిన్న బొద్దింకనే తీసుకోండి, లేత గోధుమ రంగులో, మెడ మీద రెండు నల్లచారలతో ఉంటుంది. దీన్ని జర్మన్ బొద్దింక అంటారు గానీ, 2024లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఇది సుమారు 2,100 ఏళ్ల కిందట ఇండియా లేదా మయన్మార్ ప్రాంతంలో ఆసియా బొద్దింక నుంచి విడిపోయి, మనుషుల ఇళ్లను పట్టుకుని ప్రపంచమంతా తిరిగింది. ఆడది గుడ్ల తిత్తిని పిల్లలు బయటికొచ్చే వేళదాకా ఒంటికి అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి, స్ప్రే ఆ తిత్తి లోపలికి సరిగా దిగదు. పైగా స్ప్రేల్లో ఎక్కువగా వాడే పైరెథ్రాయిడ్ మందుల్ని తట్టుకోవడం ఈ జాతి చాలా దేశాల్లో ఎప్పుడో నేర్చేసుకుంది. అంటే సింక్ కింద డబ్బా పట్టుకుని బుస్సుమని కొడితే ఎదురుగా ఉన్న నాలుగు చస్తాయి, మిగతావి ఘాటుకి చెదిరి పక్క కబోర్డులోకో హాల్లోకో కాపురం మారుస్తాయి, మందు మాత్రం గిన్నెల మీదా గట్టు మీదా, నేల మీద పాకే పసిపిల్లల అరచేతుల మీదా మిగిలిపోతుంది.

దీనికి జవాబుగా వచ్చిందే ఎర మందు. 1980ల్లో హైడ్రామెథిల్‌నాన్‌తో చేసిన ఎరలు వచ్చాయి, తర్వాత ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్, ఇండోక్సాకార్బ్ లాంటివి కలిపిన జెల్‌లు వచ్చాయి. పని తెలిసిన మనిషి జెల్ పెట్టడానికి వస్తే ముందు టార్చి తీస్తాడు. కబోర్డు తలుపుల కీళ్ల వెనక, సింక్ పైపు గోడలోకి దూరే చోట, ఫ్రిజ్ వెనక మోటారు పక్కన వెచ్చగా ఉండే మూల, మిక్సీ అడుగున, ఇలా వెతికి వెతికి సిరంజితో కందిగింజంత చుక్కలు పెట్టుకుంటూ పోతాడు. వాసనుండదు, ఇల్లు ఖాళీ చేసి బయట కూర్చోవాల్సిన పని ఉండదు.

ఈ జెల్‌లో నాకు బాగా నచ్చిన తెలివి ఏమిటంటే, అది వెంటనే చంపదు. తిన్న బొద్దింక నడుచుకుంటూ తన సందులోకి తిరిగి వెళ్లి, అక్కడ విసర్జించి, అక్కడే చస్తుంది. సందు వదిలి బయటికి పెద్దగా రాని పిల్ల బొద్దింకలు ఆ రెట్టను తింటాయి, పెద్దవి ఆ శవాన్ని తింటాయి, మన చెయ్యి చేరని చోటికి మందును బొద్దింకే మోసుకెళ్తుంది. గ్రాముల్లో కొలిచేంత జెల్ వంటిల్లంతా తడిపిన స్ప్రే కంటే బాగా పనిచేయడానికి కారణం ఇదే. కానీ మనవాళ్లు ఏం చేస్తారంటే, జెల్ పెట్టించిన మర్నాడు ఒక బొద్దింక కనపడగానే టెన్షన్ పడిపోయి దాని మీద స్ప్రే కొడతారు, లేదా ఆ మూలలన్నీ ఫినాయిల్ పెట్టి తుడిచేస్తారు. స్ప్రే పడిన ఎరను బొద్దింక ముట్టదు. డబ్బులిచ్చి పెట్టించుకున్న మందును మన చేత్తోనే పాడుచేసుకుని, తర్వాత జెల్ పనిచేయదని పదిమందికీ చెబుతాం.

జెల్ శాశ్వత పరిష్కారమని మాత్రం నేననను. ఎరలో తీపి కోసం గ్లూకోజ్ కలిపేవారు, ఆ గ్లూకోజ్‌నే అసహ్యించుకునే బొద్దింకలు ఫ్లోరిడాలో తయారయ్యాయని జూల్స్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త 1993లో ప్రకటించారు. వాటి నోటికి గ్లూకోజ్ చేదుగా తగులుతోందని 2013లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ బృందం తేల్చింది. ఎరలో చక్కెర మార్చాల్సొచ్చింది. అందుకే ఏళ్ల తరబడి ఒకే జెల్ పెట్టించడం మంచిది కాదు, ఈసారి ఏ మందు, పోయినసారి ఏ మందు అని అడిగి మార్పించుకోవాలి. ఇంకో సంగతి, రాత్రిపూట బాత్రూమ్ జాలీలోంచి పైకొచ్చే పెద్ద ఎర్ర బొద్దింక వేరే జాతి. దాని ఇల్లు డ్రైనేజీ, వంటింట్లో పెట్టే జెల్‌తో దాని పని పట్టలేం. మూతపడే జాలీ, నీళ్లు నిలిచే ట్రాప్, పైపు చుట్టూ సిమెంటు, ఈ మూడూ ప్లంబర్ చేసే పనులే, విషం అక్కర్లేదు.

ఎలుకల దగ్గరికొచ్చేసరికి విషయం ప్రాణాల మీదకి వస్తుంది. 2024 నవంబర్‌లో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో ఎలుకల కోసం పెస్ట్ కంట్రోల్ చేయించుకున్న ఇంట్లో, ఏసీ వేసుకుని పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి నాకు "గట్టి మందు" అన్న మాట వింటేనే భయం వేస్తోంది. గట్టి మందుల్లో ఒకటైన అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాల్లో తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి, ఆ విషానికి విరుగుడు లేదు. గోదాముల్లో ధాన్యం కోసం, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన సరుకు అది. మామూలు జనానికి అమ్మకూడదని మన దేశంలో ఆంక్షలున్నాయి. అయినా నల్లులకనీ ఎలుకలకనీ అవి మనుషులు పడుకునే ఇళ్లలోకి వస్తూనే ఉన్నాయి.

కిరాణా కొట్టులో దొరికే ఎలుకల పేస్ట్ మరో ఘోరం. పసుపు భాస్వరంతో చేసే ఈ పేస్ట్ కాలేయాన్ని తినేస్తుంది, దీనికీ విరుగుడు లేదు. దాన్ని అమ్మేది టూత్‌పేస్ట్ లాంటి ట్యూబులో! అది టూత్‌పేస్ట్ అనుకుని పళ్లు తోముకుని చనిపోయినవాళ్ల వార్తలు మన దేశంలో మళ్లీ మళ్లీ వచ్చాయి. తమిళనాడు దాన్ని నిషేధించింది. చీమల చాక్‌పీసుదీ ఇదే తప్పు, బడికెళ్లే పిల్లాడు రాసుకునే సుద్దముక్క ఆకారంలో విషాన్ని తయారుచేయడం ఎవరి ఆలోచనో గానీ, అమెరికాలో అలాంటి చాక్‌పీసులు అమ్మడం చట్టవిరుద్ధం.

ఎలుకల విషయంలో భద్రత గురించి నిజంగా ఆలోచించి చేసిన ఆవిష్కరణలు లేక కాదు. 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చిన వార్ఫరిన్, ఆ కుటుంబంలోనే తర్వాత వచ్చిన బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టనీయకుండా నెమ్మదిగా చంపుతాయి. వీటికి విటమిన్ కె అనే విరుగుడుంది, పొరపాటున పిల్లాడు మింగితే ఆసుపత్రికి చేరడానికీ వైద్యం చేయడానికీ సమయం దొరుకుతుంది. 1958లో స్కాట్లాండ్‌లో కనిపెట్టిన డెనటోనియం అనే పదార్థం ఎంత చేదంటే, ఎరలో రవ్వంత కలిపితే మనిషి నోట్లో పెట్టుకోగానే ఉమ్మేస్తాడు. తాళం వేసే ఎర పెట్టెలో ఎలుక దూరేంత కన్నం ఉంటుంది, పిల్లాడి చెయ్యి ఎర దాకా చేరదు. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ, ఇళ్లలో వాడే ఎలుకల మందును విడి గింజలుగా అమ్మొద్దు, ఇలాంటి పెట్టెల్లోనే అమ్మాలని నిర్ణయించింది, ఎందుకంటే అక్కడి విష సమాచార కేంద్రాలకు పసిపిల్లల గురించి ఏటా పదివేలకు పైగా ఫోన్లు వచ్చేవి. డి-కాన్ అనే పెద్ద బ్రాండ్ కొన్నేళ్లు మొండికేసి చివరికి 2014లో దారికొచ్చింది. మన దగ్గర అదే బ్రోమాడియోలోన్ కేకును కాగితం చించి అలమార కింద విసిరేస్తాం. మందు ఒకటే, మధ్యలో ఉండాల్సిన ప్లాస్టిక్ పెట్టె లేదు. ఆ పెట్టె లేకుండా ఎలుకల మందు అమ్మకూడదని మన ప్రభుత్వం ఒక్క ఆదేశమిస్తే ఎన్ని ఇళ్లు కుదుటపడతాయో.

ఇంట్లో పిల్లలుంటే నా ఓటు మాత్రం బోనుకే. 1890ల్లో అమెరికాలో, ఇంగ్లండ్‌లో పేటెంట్ పొందిన స్ప్రింగ్ బోను ఇన్నేళ్లయినా పాతబడలేదు, ఎలుక ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది, ఫాల్స్ సీలింగ్‌లో కుళ్లి వాసన రాదు. గమ్ అట్టలు నాకు ఇష్టం లేదు, ఆ జీవి గంటల తరబడి తన్నుకుంటూ, ఒక్కోసారి రోజుల పాటు బతికే ఉంటుంది. ఇంగ్లండ్ 2024 నుంచి మామూలు జనం వాటిని వాడకుండా నిషేధించింది.

దోమల దగ్గర అబద్ధపు ఆవిష్కరణలు ఎక్కువ. ప్లగ్‌లో పెడితే చాలు, శబ్ద తరంగాలకే దోమలూ బొద్దింకలూ ఎలుకలూ పారిపోతాయని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు కదా, అలాంటివి తయారుచేసే, అమ్మే అరవైకి పైగా కంపెనీలకు 2001లోనే అమెరికా వాణిజ్య కమిషన్, శాస్త్రీయ ఆధారం లేకుండా గొప్పలు చెప్పుకోవద్దని హెచ్చరిక లేఖలు పంపింది. నీలం లైటు మెషిన్ల సంగతి ఇంకా విచారం. 1996లో అమెరికాలోని డెలవేర్‌లో అలాంటి మెషిన్లలో పడి చచ్చిన పురుగుల్ని లెక్కపెడితే 13,789లో మనుషుల్ని కుట్టేవి 31 మాత్రమే, మిగతావి చాలావరకు మనకే హానీ చేయని జీవులు. దోమ మన ఊపిరినీ ఒంటి వాసననూ వేడినీ పట్టుకుని వస్తుంది, లైటు కోసం కాదు.

కాయిల్ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. జపాన్‌లో ఉయెయామా దంపతులు 1890ల్లో పుల్లను చుట్టగా మార్చి, రాత్రంతా కాలేలా చేసినప్పుడు అది గొప్ప ఆలోచనే. కానీ ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానమని 2003లో వచ్చిన అధ్యయనం కొలిచి చెప్పింది. తలుపులేసిన పది అడుగుల గదిలో పసిబిడ్డ పక్కన అది వెలిగించడమంటే ఏమిటో ఆలోచించండి. ఈమధ్య దేవుడి అగరబత్తీల పక్కనే అమ్ముతున్న దోమల అగరబత్తీలు ఇంకా ప్రమాదం, రిజిస్ట్రేషన్ లేని సరుకు చాలా తిరుగుతోంది, లోపల ఏ మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. పొగ లేదు కాబట్టి లిక్విడ్ మెషిన్ వీటికంటే నయం, అంతే, తలుపులన్నీ బిగించి రాత్రంతా నడపాల్సింది మాత్రం కాదు.

మందు పట్టించిన దోమతెర చేసిన మేలు ముందు ఇవేవీ నిలబడవు. 2000 నుంచి 2015 వరకు ఆఫ్రికాలో తప్పిన మలేరియా కేసులు 66 కోట్లకు పైగా అని ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది, అందులో 68 శాతం ఈ తెరల వల్లే. అక్కడ కూడా సూత్రం అదే, మందు గాల్లో ఉండదు, దోమ వాలే దారానికి ఉంటుంది. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి మనకు తెర ఒక్కటే చాలదు, కిటికీలకు మెష్ కావాలి, సంపుకీ ట్యాంకుకీ సందు లేని మూత కావాలి, కూలర్ నీళ్లు వారం తిరిగేలోపు పారబోసి రుద్దాలి.

చెదలకూ ఇదే దారి దొరికింది. నాన్-యావో సు అనే శాస్త్రవేత్త ఫ్లోరిడాలో అభివృద్ధి చేసిన ఎర 1995లో బయటికొచ్చింది. చెదపురుగు కుబుసం విడవకుండా చేసే మందును అది చెక్కతో కలిపి తిని పుట్టలో అందరికీ పంచుతుంది, పునాది చుట్టూ లీటర్ల కొద్దీ క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు పోయాల్సిన పని తప్పుతుంది. బియ్యం పురుగుకైతే కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసిన కన్నాల గొట్టం ఉంది. బియ్యంలో నిలువుగా గుచ్చితే, గాలి కోసం తిరిగే పురుగులు ఆ కన్నాల్లోంచి కింది గిన్నెలోకి జారిపడతాయి. మందు చుక్క కూడా లేదు. ఇంత చవకైన వస్తువు మన రైతుబజార్లలో ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

మన దేశంలో చట్టం లేక కాదు, 1968 నుంచి పురుగుమందుల చట్టం ఉంది. ప్రతి డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తు ఉండాలి, దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. బొద్దింకలకని ఇళ్లలో తెగ వాడిన డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు కూడా. కానీ పెస్ట్ కంట్రోల్ కుర్రాడు సంచిలోంచి తీసేది లేబుల్ లేని వాటర్ బాటిల్ అయితే ఏ చట్టం ఏం చేస్తుంది? అతన్ని కూడా ఏమనలేం, గ్లవ్స్ లేకుండా, మాస్క్ లేకుండా రోజుకి నాలుగిళ్లలో అదే మందు పీలుస్తున్నాడు, శిక్షణ ఇవ్వాల్సింది అతన్ని పంపినవాళ్లు.

అందుకే ఇంటికొచ్చిన ప్రతి పెస్ట్ కంట్రోల్ సంస్థా పని అయ్యాక ఒక చీటీ రాసివ్వాలని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి, మందు పేరు, ఎంత వాడారు, ఇంట్లో ఎక్కడెక్కడ పెట్టారు, ఎన్ని గంటలు గది తెరిచి ఉంచాలి, విరుగుడు ఉందా లేదా. అది వచ్చేదాకా మనమే అడిగి రాయించుకోవాలి, సీల్ ఉన్న డబ్బా కళ్లముందు తెరిపించాలి, చెప్పనన్నవాణ్ణి గుమ్మం దగ్గర్నుంచే పంపించేయాలి. పొరపాటున ఇంట్లో ఎవరికైనా వాంతులో ఆయాసమో మొదలై క్యాజువాల్టీకి పరిగెత్తితే డాక్టర్ మొదట అడిగేది ఏ మందు అనే, ఇవాళ మన ఇళ్లలో చాలామంది దగ్గర దానికి జవాబు లేదు.