పిన్నీ, ముందు మందం ఎంతో చెప్పు

మొన్న ఆదివారం పొద్దున్నే పిన్ని ఫోన్. "బుజ్జిదానికి సంబంధం వచ్చిందే, అబ్బాయి వాళ్ళు ఫోటోలో కళ్ళజోడు చూసి సైట్ ఎంత అని అడిగారు, లేజర్ చేయించేద్దాం అనుకుంటున్నాం, నువ్వు చేయించుకున్నావుగా, ఏది మంచిది, ఎంతవుతుంది?" అంతా ఒక్క గుక్కలో. అబ్బాయికి కళ్ళజోడు లేదా అని అడిగాను. ఉందట! మైనస్ రెండట. మగపిల్లాడికి పర్లేదట. సరే, ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకుందాం.

నాకు మండింది "ఏది మంచిది" అన్న దగ్గర. అదేమన్నా ఫ్రిజ్జా, మోడల్ చూసి కొనుక్కోవడానికి? కానీ పిన్నిని అనుకుని ఏం లాభం, అమ్మేవాళ్ళు అమ్ముతున్నది అలాగే కదా. తొమ్మిదేళ్ళ క్రితం నేను మొదట వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టర్ కంటే ముందు కౌన్సిలర్ కూర్చోబెట్టింది. లామినేషన్ చేసిన కార్డు మీద మూడు రేట్లు, అన్నిటికన్నా పెద్ద రేటు పక్కన ఒక నక్షత్రం గుర్తు. "మీకు ఇదే బెస్ట్ మేడమ్, నెలాఖరు దాకా ఆఫర్ ఉంది." అప్పటికి నా కంట్లోకి ఎవరూ కనీసం టార్చి వేసి కూడా చూడలేదు!

దూరం చూపు మసకగా ఉందంటే చాలామందికి కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా కొంచెం పొడుగ్గా ఉందని అర్థం. వెలుగు కంటి వెనకున్న తెర మీద, అంటే రెటీనా మీద, పడకుండా ముందే కలిసిపోతుంది. లేజర్ ఆ పొడుగును ఏమీ చేయదు. కంటి ముందున్న గాజులాంటి పొరని, అంటే కార్నియాని, మధ్యలో కాస్త చెక్కి చదును చేస్తుంది, అంతే. కాబట్టి చెక్కడానికి అక్కడ ఎంత సరుకుందో ముందు తెలియాలి. కార్నియా మందం మామూలుగా 540 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, అంటే అర మిల్లీమీటరు చిల్లర. మైనస్ ఒకటి పవర్ తగ్గించడానికి అందులో సుమారు 14 మైక్రాన్లు పోతుంది.

రెండో ఆసుపత్రిలో డాక్టరుగారు రెండు వారాలు కాంటాక్ట్ లెన్సులు మానేసి రమ్మన్నారు, ఎందుకంటే లెన్స్ నొక్కుడికి కార్నియా ఆకారం మారి కొలతలు తప్పొస్తాయట. స్కాన్ అయ్యాక నా ఓపీ చీటీ వెనక్కి తిప్పి పెన్నుతో రాశారు: 486. నా పవర్ మైనస్ ఆరు, ఆరు పద్నాలుగులు 84. లేసిక్ అనే లేజర్ పద్ధతిలో ముందు కార్నియా పైన మూతలాంటి ఫ్లాప్ కోస్తారు, అదో 110. తీసేస్తే 292. "250 కంటే తగ్గకూడదన్నది పాత లెక్క, ఆ లెక్కన నువ్వు పాసే. కానీ కోసిందీ చెక్కిందీ కలిపితే మొత్తం మందంలో దాదాపు 40 శాతం. అంచున ఉన్నావమ్మా, నీకు ఫ్లాప్ వద్దు." మిగిలిన పొర మరీ పల్చబడితే కన్ను లోపలి ఒత్తిడికి కార్నియా ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంటుంది. అప్పుడిక కళ్ళజోడు పెట్టినా చూపు సరిగ్గా ఆనదు. పైగా ముందే ఆ బలహీనత ఉన్న కార్నియాలు కొన్నుంటాయి, అవి మందంగా ఉన్నా సరే ముట్టుకోకూడదు, స్కాన్‌లో ఆకారం చూస్తేనే ఆ సంగతి తెలిసేది.

మరి స్మైల్ అనే ఇంకో లేజర్ పద్ధతి? అందులో ఫ్లాప్ ఉండదు, లోపలే చిన్న కటకంలా కోసి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి బయటికి లాగేస్తారు. కళ్ళు పొడిబారడం కొంచెం తక్కువ. మంచిదే, కాదనను. కానీ అందులోనూ పోయేది కార్నియానే, తీసే మందం తక్కువేమీ కాదు. ఆ ముక్క కౌన్సిలర్ చెప్పలేదు.

చివరికి నాకు చేసింది అన్నిటికన్నా పాత పద్ధతి, పీఆర్‌కే. ఫ్లాప్ కోయకుండా కార్నియా పైనున్న పల్చటి చర్మాన్ని గీకేసి, లేజర్ కొట్టి, కట్టు బదులు మెత్తటి లెన్స్ పెడతారు. లేజర్ కొట్టేది ఒక నిమిషం లోపే, కానీ జుట్టు కాలిన వాసన వస్తుంది చూడండీ, ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత మూడు రోజులు కంట్లో ఉల్లిపాయ కోసి కారం చల్లినట్టే. చీకటి గదిలో పడుకుని అమ్మ కలిపి పెట్టిన పెరుగన్నం తింటూ ఏడ్చాను. చూపు పూర్తిగా తేరుకోవడానికి నెల దాటింది. లేసిక్ చేయించుకున్న నా ఫ్రెండ్ మర్నాడే ఆఫీసుకెళ్ళింది, అప్పుడు కుళ్ళుకున్న మాట నిజం.

యంత్రం మీద నాకేం అనుమానం లేదు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ 1981 నవంబరులో అమెరికాలోని ఐబీఎం ల్యాబులో, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఈ ఎక్సైమర్ లేజర్ వేసి చూస్తే, చుట్టుపక్కల కాలకుండా గీసినట్టు తెగిందట. మిగిలిపోయిన మాంసం ముక్కతో మొదలైన పని ఇవాళ నా కళ్ళజోడు తీసేసింది, దండం పెడతాను. పొద్దున లేవగానే గడియారం కనిపించడం ఎంత సుఖమో మైనస్ ఆరు వాళ్ళకే తెలుస్తుంది.

కానీ "సైట్ పోయింది" అని సంబరపడి చెకప్‌లు మానేసే వాళ్ళని చూస్తే భయమేస్తుంది. కనుగుడ్డు పొడుగు అలాగే ఉంది కదా, రెటీనా సాగి పల్చబడే ప్రమాదం ఎక్కడికీ పోలేదు. నేను ఇప్పటికీ ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని చూపించుకుంటాను. నలభై దాటాక దగ్గర చూపుకి అద్దాలు ఎలాగూ వస్తాయి. మైనస్ మూడున్న మా తాతయ్య డెబ్భై ఏళ్ళప్పుడు కూడా కళ్ళజోడు తీసేసి పేపరు దగ్గరగా పట్టుకుని చదివేవాడు, లేజర్ చేయించుకున్న నాకు ఆ యోగం లేదు.

ఇదంతా పిన్నికి చెప్పి, ముందు స్కాన్ తీయించి మందం ఎంతో చెప్పమన్నాను. బుధవారం బుజ్జిది మెసేజ్ పెట్టింది: "అక్కా, 532 వచ్చింది, షేప్ కూడా నార్మల్ అన్నారు, ఓకేనా?" చాలా బాగుంది. పాత చీటీలు కూడా పంపమన్నాను. పోయినేడాది మైనస్ మూడు, ఇప్పుడు మైనస్ మూడు ముప్పావు. పవర్ ఇంకా పెరుగుతూనే ఉంది, దానికి ఇరవై ఒకటే. ఏడాది పాటు అంకె కదలకుండా ఉంటే అప్పుడు చూద్దాం, ఇప్పుడు చేయించకండి అని వాయిస్ మెసేజ్ పెట్టాను.

పిన్ని దాన్ని విన్నది, బ్లూ టిక్కులు పడ్డాయి. అప్పట్నుంచీ నా ఫోన్ ఎత్తట్లేదు.