సర్జరీ అని చెప్తాను, పడ్డ కష్టమూ చెప్తాను

నేను బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. "ఏం చేశావ్, ఇంత సన్నబడ్డావ్?" అని ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను. చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. అప్పటిదాకా ఉన్న మెచ్చుకోలు కాస్తా "ఓ, ఆపరేషనా..." అన్న మాటతో ఆవిరైపోతుంది. పరీక్షలో కాపీ కొట్టి పాసైనట్టు చూస్తారు. ఈ చూపుకి భయపడే చాలామంది నోరు విప్పరు. "వాకింగ్ చేస్తున్నా, రాత్రి తిండి తగ్గించా" అని దాటేస్తారు. వాళ్లమీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ చూపు మీదే.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 75-80 శాతం దాకా కోసి తీసేస్తారు. సన్నటి గొట్టంలా కొంచెం మిగులుతుంది. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా అందులోనే పోతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. ఇది చాలా పెద్ద సాయం, కాదనను. మామూలు డైటింగ్‌లో తిండి తగ్గించేకొద్దీ ఒళ్లు తన ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. ఏళ్ల తరబడి ఆ రెండింటితో పోరాడి అలిసిపోయినవాళ్లని పట్టుకుని "నీకు కంట్రోల్ లేదు" అనడం ఎంత అన్యాయమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇక కష్టం సంగతి. అది ఆపరేషన్‌కి ముందే మొదలవుతుంది. లివర్ కాస్త కుంచించుకుపోతే సర్జన్‌కి పని సులువవుతుందని, రెండు వారాల పాటు చాలా తక్కువ క్యాలరీల డైట్ పెడతారు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు ద్రవాలే, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత నమలడానికి తేలికైనవి. నీళ్లు గటగటా తాగడం కుదరదు. ఒక గుక్క తాగాలి, ఆగాలి, మళ్లీ ఒక గుక్క. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. గొంతు ఎండిపోతున్నా గడియారం చూస్తూ కూర్చోవాలి. ఒక్క ముద్ద ఎక్కువైందా, రొమ్ము ఎముక వెనక పట్టేసినట్టవుతుంది, నోట్లో నురగలా లాలాజలం ఊరుతుంది, నలుగురి మధ్యలోంచి లేచి బాత్‌రూమ్‌కి పరిగెత్తాలి. ఆకలి లేకపోయినా రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ ఆ చిన్న గొట్టంలోకి పంపాలి. మూడో నెల దాటాక తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. మళ్లీ వస్తుందని డాక్టర్ ఎంత చెప్పినా ఆ టెన్షన్ మాత్రం తగ్గదు.

విటమిన్లు జీవితాంతం వేసుకోవాల్సిందే. బి12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డి సరిపడా ఉన్నాయో లేదో క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి. గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి, నేరుగా చిన్నపేగుకి కలిపే ఇంకో రకం బరువు ఆపరేషన్) అయితే తీపి కాస్త ఎక్కువైనా గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే పుండ్లు పడే ప్రమాదం ఉంది. బరువు వేగంగా తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఒకటి రెండేళ్లకి ఆకలి మళ్లీ మొదలవుతుంది. అప్పటికి తిండి అలవాట్లు మారకపోతే బరువు తిరిగి వస్తుంది. అమెరికన్ గాయని కార్నీ విల్సన్ 1999లో తన బైపాస్ ఆపరేషన్‌ని ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించారు. తర్వాత బరువు పెరిగి, 2012లో జీర్ణాశయం పైభాగాన్ని బిగించే బ్యాండ్ వేయించుకున్నారు. ఆ సంగతీ దాచలేదు. నాకు ఆమె మీద గౌరవం ఈ రెండో మాట వల్లే. తగ్గినప్పుడు చెప్పడం కంటే మళ్లీ పెరిగినప్పుడు చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

టీవీ హోస్ట్ స్టార్ జోన్స్ 2003లో సర్జరీ చేయించుకుని, 2007 దాకా బయటికి చెప్పలేదు. జనం ఏమంటారోనన్న భయమే కారణం. దాన్ని నేను అర్థం చేసుకోగలను. ఎవరి మెడికల్ ఫైల్ వాళ్ల సొంతం, అడిగిన ప్రతివాళ్లకీ తెరిచి చూపించాల్సిన పని లేదు.

కానీ సర్జరీతో తగ్గి, ఆ సంగతి దాచి, "నా డైట్ ప్లాన్ ఫాలో అవ్వండి, ఈ పౌడర్ తాగండి" అని అమ్ముకునేవాళ్లని మాత్రం క్షమించలేను. అది పచ్చి మోసం. డబ్బు కట్టినవాళ్లు ఆ ప్లాన్‌నే ఒళ్లొంచి చేస్తారు, ఫలితం రాదు, చివరికి తప్పు తమలోనే ఉందనుకుని కుమిలిపోతారు.

ఇంకో నష్టం కూడా ఉంది. ఎవరూ నోరు విప్పకపోతే, నిజంగా అవసరమైనవాళ్లు డాక్టర్ దాకా వెళ్లనే వెళ్లరు. 1991 నాటి మార్గదర్శకాల్లో బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40 దాటితేనో, 35 దాటి జబ్బులుంటేనో సర్జరీ అనేవారు. 2022లో వాటిని మార్చారు. ఇప్పుడు 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా సిఫారసు చేయవచ్చు. షుగర్ లాంటి సమస్య ఉంటే 30 దగ్గరే ఆలోచించవచ్చు. ఆసియావాసులకి ఈ హద్దులు ఇంకా తక్కువ. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో, సర్జరీ చేయించుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2007లో తేలింది. ఇంత ఆధారం ఉన్న వైద్యం గురించి గుసగుసలాడుకోవాల్సి రావడం ఏంటి? షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లని "సొంతంగా తగ్గించుకోలేకపోయావా" అని అడుగుతామా?

సర్జరీ అందరికీ అవసరం లేదు, అందరికీ సరిపడదు. ఆలోచిస్తున్నవాళ్లు సర్జన్‌ని ఎన్ని కిలోలు తగ్గుతానని మాత్రమే అడగొద్దు. రెండేళ్ల తర్వాత, ఐదేళ్ల తర్వాత ఫాలో-అప్ ఎవరు చూస్తారు, డైటీషియన్ ఎన్నాళ్లు అందుబాటులో ఉంటారు, మనసు బాగోలేనప్పుడు తిండి మీదకి పోయే అలవాటుంటే దానికి కౌన్సెలింగ్ ఉందా అని అడగండి. మీ ఇంట్లో ఎవరైనా చేయించుకుని ఉంటే, దయచేసి వాళ్ల కంచంలోకి చూసి "ఇంతేనా తినేది?" అని అనకండి. ఇంకో ముద్ద అని బలవంతం అసలే చేయకండి.