మేము మునిగిన విధంబెట్టిదనిన

విశాఖపట్నం వాళ్లకి సముద్రం గురించి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఫ్లాటు కొనేటప్పుడు చదరపు అడుగుకి ఇంతని అదనంగా సముద్రానికే కట్టే జనం మేం. మా బాల్కనీలో కుడివైపు చివర నిలబడి, మెడ కాస్త సాగదీసి, ఎదురు అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకుకీ సెల్ టవర్‌కీ మధ్య సందులోంచి చూస్తే నీలంగా ఒక గీత కనిపిస్తుంది. బిల్డర్ దాన్ని సీ వ్యూ అన్నాడు. ఆ గీత కోసం పద్నాలుగేళ్లుగా ఈఎంఐ కడుతున్నాను. పైగా ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి. మూడు వైపులా నీరుంటే ద్వీపకల్పం, నాలుగు వైపులా ఉంటే ద్వీపం అని కొన్ని వేల మంది చేత వల్లె వేయించినవాణ్ణి. కాబట్టి ఈ విషయం మీద నాలుగు ముక్కలు రాసే అర్హత నాకుంది.

చూడ్డం వేరు, దిగడం వేరు. ఈ తేడా తెలిసిన ఊరు మాది. ఆర్కే బీచ్‌లో కాస్త లోతుకి వెళ్తే చాలు, వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. అందుకని ప్యాంటు రెండు మడతలు పైకి పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, చీలమండలు తడవగానే వెనక్కొచ్చి మురీ మిక్స్చర్ తినడం మా ఆచారం. మాఘ పౌర్ణమికి మాత్రం ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని మూడు మునకలు. తక్కిన రోజుల్లో సముద్రాన్ని తాకకూడదని మా అమ్మ శాస్త్రం. మేం సముద్రంలోకి వెళ్లం గనక సముద్రంలోవే మా దగ్గరికి వస్తాయి. 1969లో నౌకాదళంలో చేరి ముప్ఫై ఒక్కేళ్లు నీళ్ల కింద తిరిగిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాక్కొచ్చి ఇసుకలో కూర్చోబెట్టి, 2002 నుంచి టికెట్టు కొనుక్కుని లోపలికి దిగుతున్నాం. జలాంతర్గామిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ఒంటి మీద చుక్క నీరు పడకుండా బయటికొచ్చి చెరకు రసం తాగుతాం. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ సరుకుల ఓడ ఒకటి తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొస్తే ఊరంతా వెళ్లి ఫొటోలు దిగింది. పాపం, అది ఆపదలో వచ్చింది. మేం చుట్టపుచూపుకి వచ్చిందన్నట్టే చూశాం.

ఇటువంటి ఊళ్లో కాపురముంటున్న మాకు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ముప్ఫయ్యో పెళ్లిరోజు కానుకగా మాల్దీవుల్లో స్కూబా డైవింగ్ ప్యాకేజీ కొంది. సంక్రాంతి వెళ్లిన వారానికి ప్రయాణం. రుషికొండలోనే నేర్పేవాళ్లున్నారు కదా, చింతపల్లి తీరం దగ్గర మునిగిపోయిన ఓడ కూడా చూపిస్తారట కదా, దాదాపు 1800 కిలోమీటర్లు ఎందుకని స్టాఫ్‌రూమ్ మిత్రుడొకాయన అడిగాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఆయనకి ఓపిగ్గా వివరించాను. మా ఆవిడ భీమిలిలో పుట్టింది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా వాళ్ల నాన్న ఆవిణ్ణి అలల దగ్గరికి వెళ్లనివ్వలేదు. తర్వాత నేను వెళ్లనివ్వలేదు. ఇప్పుడు ఆవిడ సింహాచలం అప్పన్నకి మొక్కుకుని, రెండు చేతులకీ గోరింటాకు పెట్టించుకుని బయల్దేరింది. నేను బీపీ మాత్రలు, డాక్టరు చేత సంతకం పెట్టించిన ఫిట్‌నెస్ కాగితం పట్టుకుని వెనకాల నడిచాను.

మాల్దీవుల్లో దాదాపు 1200 దీవులు. సహజంగా ఉన్న నేల ఎక్కడా రెండున్నర మీటర్ల ఎత్తు దాటదు. మా కైలాసగిరిని తీసుకెళ్లి అక్కడ పెడితే ఆ దేశస్తులు ఆక్సిజన్ పెట్టుకుని ఎక్కాలి. సముద్రం పెరిగితే తమ గతేమిటని ప్రపంచాన్ని అడగడానికి వాళ్ల అప్పటి అధ్యక్షుడు నషీద్ 2009లో మంత్రివర్గ సమావేశాన్ని నీళ్ల కింద పెట్టాడు. మంత్రులు సిలిండర్లు కట్టుకుని, చేతి సైగలతో చర్చించుకుని, తీర్మానం మీద సంతకాలు పెట్టారు. ఒక మంత్రి మాట్లాడుతుండగా మరో మంత్రి అడ్డు తగలని సమావేశం చరిత్రలో అదొక్కటే కావచ్చు. మన చట్టసభల వారు ఈ పద్ధతిని పరిశీలించాలని మనవి.

మాలెలో దిగాక నీటి విమానం ఎక్కించారు. పైలట్ చెప్పుల్లేకుండా ఉన్నాడు. గుళ్లోకి వెళ్తున్నాడనుకుని మా ఆవిడ తనూ చెప్పులు విప్పేసింది. రిసార్టు చేరాక గడియారం సమస్య. మాలె టైము మనకన్నా అరగంట వెనక. మా రిసార్టు వాళ్లు గడియారాన్ని దానికన్నా గంట ముందుకు తిప్పేసుకున్నారు. టూరిస్టులకి వెలుతురు ఎక్కువసేపు దొరకాలిట. అంటే సూర్యుడికి కూడా ప్యాకేజీ టూరే.

అక్కడ ఇసుక పిండిలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. కొత్త జంటలు దాని మీద గుండె బొమ్మ గీసి లోపల పేర్లు రాసుకుంటున్నారు. ఆ ఇసుక ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పాల్సిన బాధ్యత సోషల్ మాస్టారుగా నా మీద ఉంది. చిలక ముక్కు లాంటి నోరున్న చేప ఒకటి పగడపు దిబ్బని కొరికి, నమిలి, పిండి చేసి వెనక నుంచి వదులుతుంది. ఆ తెల్లటి ఇసుకలో చాలా భాగం అదే. నీళ్లు అంత తేటగా ఉండడానికీ కారణముంది. అక్కడ నదులు లేవు. మన బంగాళాఖాతంలోకి గంగ, గోదావరి, కృష్ణ, అంటే పుష్కరాలకి మనం పాపాలు కడుక్కున్న నదులు వచ్చి ఒండ్రు పోస్తాయి. అన్ని కోట్ల మంది పాపాలు కలిశాక నీరు అద్దంలా ఉండమంటే ఎలా ఉంటుంది?

ఇక మునక. ఇన్‌స్ట్రక్టర్ మా అమ్మాయి కన్నా చిన్నవాడు. కళ్లకీ ముక్కుకీ కలిపి పెట్టుకునే మాస్కు ఇచ్చి, అద్దం లోపలి వైపు ఉమ్మమన్నాడు. ఆవిరి పట్టకుండా ఉండడానికట. నేను ఉమ్మలేకపోయాను. పలక మీద ఉమ్మి తుడిస్తే సరస్వతికి కోపమొస్తుంది, చదువు రాదు అని మా అమ్మ చెప్పిన మాట. అదే తప్పుకి నా తరగతిలో ఎంతమంది వేళ్ల మీద స్కేలుతో కొట్టానో లెక్క లేదు. ఆ పిల్లలందర్నీ మనసులో క్షమాపణ అడిగి ఉమ్మాను. వీపుకి కట్టిన సిలిండర్ ఇంచుమించు వంటింటి ఖాళీ గ్యాస్ బండంత బరువు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, ఒత్తిడితో కుక్కిన మామూలు గాలే. ఒంట్లో కొవ్వు తేలుతుంది కాబట్టి మనిషి మునగాలంటే నడుముకి సీసం దిమ్మలు కట్టాలిట. మా ఆవిడకి నాలుగు కిలోలు. నాకు తొమ్మిది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ వండి పెట్టిన గుత్తొంకాయ కూరలకీ పులిహోరకీ విరుగుడు తొమ్మిది కిలోల సీసమని ఆ రోజు తేలింది.

పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. దిగుతున్నకొద్దీ చెవులు పోటెత్తుతాయి. ముక్కు రెండు వైపులా మూసి, నోరు బిగించి, ఊదాలి. మన పూర్వులు ముక్కు మూసుకుని తపస్సు చేసింది ఇందుకేనేమో, వాళ్లకి చెవుల బాధ ఉండుంటుంది. ఇంకో నియమం, ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకొస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇది నాకు కష్టమైంది. ఇంట్లో ఏ చర్చ వచ్చినా ఊపిరి బిగబట్టే గట్టెక్కుతూ వచ్చాను.

నీళ్ల కింద మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదాం పదమని. చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే అంతా సవ్యంగా ఉందని. అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపితే ఏదో తేడా వచ్చిందని. మేం ఎనిమిది మీటర్ల లోతులో ఉన్నాం. పసుపు చారల చేపల గుంపు ఒకటి నా మొహం మీదుగా వెళ్లింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. మా ఆవిడ ఇటు తిరిగి, తెలుగుదేశాన ప్రతి ఇల్లాలూ రోజుకి పాతికసార్లు చేసే సైగ చేసింది. చెయ్యి చాచి, మణికట్టు తిప్పి, ఏంటి సంగతి అని. అంతే. ఇన్‌స్ట్రక్టర్ బాణంలా వచ్చి ఆవిడ సిలిండర్ మీటరు చూశాడు, చెవులు చూపించాడు, మాస్కు సరిచేశాడు. ఏంలేదు బాబూ అన్నట్టు ఆవిడ మళ్లీ చెయ్యి తిప్పింది. అతనికి కంగారు ఇంకా పెరిగింది. ఆవిడ చెయ్యి నా మొహం ముందే ఊగుతోంది, అప్పుడు గమనించాను. ఎర్రగా పండిన గోరింటాకు బూడిద కలిసిన నలుపులోకి తిరిగిపోయింది. లోతుకి వెళ్తే వెలుతుర్లో ముందు పోయేది ఎరుపేనని పుస్తకంలో ఉంది. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడు వస్తాడని మనవాళ్లంటారు. ఎనిమిది మీటర్ల లోతులో నా విలువ అది.

అయితే ఆవిడ పైకి రాలేదు. నాకు చెవి పోటు ఆగక నేనే బొటనవేలు ఎత్తాను, నన్ను ఇంకొకరికి అప్పగించి పైకి పంపేశారు. పడవ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని, ఆవిడ వదులుతున్న బుడగలు లెక్కపెడుతూ ఉన్నాను. అరగంట తర్వాత తేలింది. నోట్లో గొట్టం తీసి మొదటి మాట, “ఏవండీ, సొర!” రెక్క కొసన నల్ల మచ్చ ఉన్న చిన్న సొరచేప ఒకటి దిబ్బ పక్క నుంచి వెళ్లిందట. ఇన్‌స్ట్రక్టర్ చాలా అందమైన ప్రాణి అని వర్ణిస్తున్నాడు. మా ఆవిడ రెండు చేతులూ చాచి కొలత చూపించి, “పిట్టు చేస్తే ఇద్దరు బాలింతలకి సరిపోద్ది” అంది. అతను నన్ను అనువాదం చెయ్యమన్నాడు. ఆవిడ కూడా చాలా అందంగా ఉందంటోందని చెప్పాను.

రాత్రి భోజనంలో ట్యూనా అని మూడు ముక్కలు, పక్కన ఒక ఆకు పెట్టి, దానికి డాలర్లలో బిల్లు ఇచ్చారు. మా ఆవిడ ఫోర్కుతో పొడిచి చూసి, “ఇది మన సూర చేపండీ” అంది. మా ఫిషింగ్ హార్బర్లో సూరని అడిగేవాడే తక్కువ, లారీలెక్కి కేరళ పోతుంది. వంజరం లేకపోతే చందువ, అదీ లేకపోతే రొయ్య అని బేరమాడే మనిషి, అడగని చేపని ఆకుతో సహా తినేసింది. బిల్లు కట్టింది మా అమ్మాయి కాబట్టి నేనూ తిన్నాను.

డైవింగ్ చేసినవాళ్లు పద్దెనిమిది గంటల దాకా విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. కాబట్టి ఆఖరి రోజు చెయ్యడానికేమీ లేదు. ఇద్దరం ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూశాం. అచ్చం ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం కూర్చున్నట్టు, కాకపోతే బజ్జీలు లేవు. అప్పుడు గుర్తొచ్చింది, బోర్డు మీద బాణం గుర్తులు వేసి నేను ఏటా చెప్పిన పాఠం. శీతాకాలంలో బంగాళాఖాతం నీళ్లు మన తీరం వెంబడే దక్షిణానికి దిగి, శ్రీలంకని చుట్టి, పడమర దిక్కుగా అరేబియా సముద్రం వైపు పోతాయి. దారిలో తగిలేవి ఈ దీవులే. అంటే మా ముందు ఊగుతున్న నీళ్లలో కొన్నయినా మా ఊరి మీదుగా వచ్చినవే అయి ఉండాలి. వాటికి టికెట్టు లేదు, వీసా లేదు, ప్యాకేజీ లేదు. మా ఆవిడతో ఈ సంగతి చెప్పాను. “మరి మనం బాల్కనీలోనే కూర్చుంటే సరిపోయేది కదండీ, ఆ గీతలోంచి ఇవే వెళ్లుంటాయి” అంది. ఆవిడ వేళాకోళం చేసిందో, నిజంగానే అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం ఇద్దరం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. నా జేబులో రిసార్టు వాళ్లిచ్చిన సర్టిఫికెట్ ఉంది. లామినేషన్ కూడా చేయించాను. పన్నెండు మీటర్ల దాకా దిగడానికి అర్హుడని దాని మీద నా పేరు. ఎవరైనా అడుగుతారేమోనని తెచ్చుకున్నాను, ఎవరూ అడగలేదు. ప్యాంటు మడతలు పెట్టుకుని మెల్లగా దిగాను. చీలమండలు దాటింది, పిక్కలు తడిశాయి. మా ఆవిడ నాకన్నా రెండడుగులు ముందుంది, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని.

వెనక నుంచి విజిల్ గట్టిగా మోగింది. లైఫ్‌గార్డు కుర్రాడు ఇసుకలో పరిగెత్తుకుంటూ వస్తున్నాడు.

“ఏటి బాబూ, ఎక్కడికెల్లిపోతన్నారు? అమ్మగార్ని కూడా తీస్కుని బయటికొచ్చీండి!”

ఇద్దరం బయటికొచ్చి మురీ మిక్స్చర్ తిన్నాం. ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమని చెప్పింది మా ఆవిడ.