నోటిఫికేషన్ వచ్చాక మేల్కొంటే ఎలా?

నగరాలకు కేంద్రం ఇచ్చే డబ్బులో పోటీపడి గెలుచుకోవాల్సిన వాటా పెరుగుతోంది. 2015లో స్మార్ట్ సిటీస్ మిషన్‌తో ఊపందుకున్న ఈ పద్ధతిని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల అర్బన్ చాలెంజ్ ఫండ్ మరింత బిగించింది. ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం భరించేది 25 శాతం వరకే. కనీసం సగం బాండ్లు, బ్యాంకు అప్పులు, ప్రైవేటు భాగస్వామ్యం ద్వారా నగరమే తెచ్చుకోవాలి. ఇలాంటి పోటీలో రోడ్డుకో, బస్ టెర్మినల్‌కో నిధులు అడిగే కార్పొరేషన్ దగ్గర ముందుగా సరైన దరఖాస్తు ఉండాలి. మన దగ్గర లేనిది అదే.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఫైలు కదలదు. వచ్చాక ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు కన్సల్టెంట్ కోసం వెతుకులాట. గడువు దగ్గరపడితే ఇంకో ఊరి డీపీఆర్‌కే (సవివర ప్రాజెక్టు నివేదికకే) కొత్త అట్ట తొడిగి పంపే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ట్రాఫిక్ సర్వేనే చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం వరుసగా 7 రోజులు, రోజుకు 24 గంటలూ వాహనాలు లెక్కించాలి. బస్సులు, లారీలు, కార్లు, ఆటోలు, టూవీలర్లు దేనికది రాసుకుని, తర్వాత పీసీయూల్లోకి, అంటే ఒక్కో వాహనం ఎన్ని కార్లకు సమానమో చెప్పే లెక్కలోకి మార్చాలి. చేతిలో పది రోజులే ఉన్నవాళ్లు ఈ పని చేయగలరా? ఒక పూట నలుగురు కుర్రాళ్లను కూడలిలో నిలబెట్టి, వచ్చిన అంకెను హెచ్చవేస్తారు. ఆ పూట బడులకు సెలవైతే లెక్కంతా తప్పే. నడిచి రోడ్డు దాటేవాళ్లు, స్టాపులో బస్సు కోసం పడిగాపులు కాసేవాళ్లు ఆ పట్టికకు ఎక్కనే ఎక్కరు. ‘ఈ ప్రాజెక్టు వల్ల ఎవరికి మేలు?’ అనే ప్రశ్న ఎదురైనప్పుడు రాయడానికి ఇక ఏం మిగులుతుంది?

భూమి సంగతీ అంతే. ‘స్థలం అందుబాటులో ఉంది’ అని ఒక్క ముక్క రాసేస్తారు. అక్కడికి వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కింద మంచినీటి పైపులైను ఉంటుంది, పక్కన కోర్టు స్టే ఉంటుంది. వాటిని ఎవరు తరలించాలో, ఆ ఖర్చు ఎవరిదో దరఖాస్తులో లేకపోతే అంచనాలన్నీ కాగితం మీదే.

ఇక సొంత వాటా. 2018లో హైదరాబాద్ కార్పొరేషన్ తొలి విడతగా 200 కోట్లు, విశాఖ కార్పొరేషన్ 80 కోట్లు బాండ్ల ద్వారా సమీకరించాయి. క్రెడిట్ రేటింగ్, ఆడిట్ అయిన ఖాతాలు చూపించకుండా ఆ పని అయ్యేది కాదు. ఖాతాలు ఏళ్ల తరబడి తేలని మున్సిపాలిటీకి ఏ బ్యాంకు అప్పిస్తుంది?

కోరిక ముందు, కారణం తర్వాత అన్న తీరు కూడా మనల్ని దెబ్బతీస్తోంది. ఫలానాది కావాలని వేదిక మీద ప్రకటించాక, దానికి సమర్థన రాయమని ఇంజనీర్లకు చెబుతారు. 2017 మెట్రో రైలు విధానం ఈ వరసను తిరగేసింది. బస్సులతో, ఇతర మార్గాలతో పోల్చి చూశాకే మెట్రో అడగాలంది. దాని ప్రకారం మళ్లీ తయారుచేయమంటూ విజయవాడ, విశాఖ మెట్రో ప్రతిపాదనలను కేంద్రం వెనక్కి పంపింది. నిబంధన మధ్యలో మారిందని మనం నొచ్చుకోవచ్చు గానీ, ఆ పోలిక అడగడంలో తప్పు లేదు.

ఓడిపోయిన దరఖాస్తును బీరువాలో పడేయడం మరో దురలవాటు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని 20 నగరాల్లో విశాఖ, కాకినాడ ఉన్నాయి, వరంగల్ లేదు. ప్రతిపాదనను మెరుగుపరచుకునే అవకాశం ఇచ్చిన ఫాస్ట్ ట్రాక్ రౌండ్‌లో, అదే ఏడాది మే నెలలో వరంగల్ ఎంపికైంది.

అయితే పోటీ అన్నాక బలమున్నవాడిదే పైచేయి అవుతుందన్న విమర్శను కొట్టిపారేయలేం. రోడ్లు, నీళ్లు, వీధిదీపాలు అన్నీ ఒకే ఇంజనీరు చూసుకునే చిన్న పట్టణం మహానగరంతో ఎలా తలపడుతుంది? ఆ పట్టణాలకు అండగా నిలవాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలే. ట్రాఫిక్ లెక్కలు, భూమి రికార్డులు, అంచనాలు ఏడాది పొడవునా సిద్ధం చేసే శాశ్వత బృందాలను ప్రాంతాలవారీగా ఏర్పాటు చేయాలి. దరఖాస్తు తయారీకి విడిగా పద్దు కేటాయించాలి. తిరస్కరణకు గురైన ప్రతి ప్రతిపాదనకూ మార్కులు ఎక్కడ తగ్గాయో కేంద్రం నుంచి రాబట్టి, ఆ వివరాలను కౌన్సిల్ సమావేశంలో పెట్టాలి.