రెస్టారెంటుకు అసలు ఓనరెవరు?

చిన్న రెస్టారెంటు నడపాలంటే ఏం కావాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రుచి తెలియాలి, లెక్క తెలియాలి, అన్నిటికంటే ఓపిక ఉండాలి అని పెద్దలు చెబుతుంటారు. ఆ పెద్దల్లో చాలామంది రెస్టారెంటుకు తినడానికి తప్ప ఎప్పుడూ వెళ్లనివాళ్లు. ఒక చిన్న రెస్టారెంటు ఓనరుగా పోయిన వారం చూశాక, పూర్తి బాధ్యతతో నేను చెప్పేదేమిటంటే, చిన్న రెస్టారెంటుకు ఓనరనే మనిషి బొత్తిగా అక్కర్లేదు. వైరాగ్యంతో అంటున్న మాట కాదిది. పరిపాలనా శాస్త్రానికి నా వంతు చేర్పు.

నిరూపించడం సులువే. ఎవరి విలువ ఎంతో తెలియాలంటే వాళ్లు రాని రోజు ఏం జరుగుతుందో చూడాలి. నేను ఒక పూట రాకపోతే నా కుర్చీలో ఎవరో సంచి పెట్టుకుంటారు. సప్లయర్ రాకపోతే మిగతావాళ్లు గొణుక్కుంటూ పరుగులు పెడతారు. మాస్టర్ రాకపోతే మెనూ సగమవుతుంది, ఆ సగానికి 'ఈరోజు స్పెషల్' అని పేరు పెట్టి పరువు దక్కించుకుంటాం. పాత్రలు తోమే ఆవిడ రాకపోతే మాత్రం షట్టర్ దించుకోవాల్సిందే.

పెద్ద వంటశాలలను ఇప్పుడున్న తీరులో అమర్చిన ఘనత ఫ్రెంచి షెఫ్ ఆగస్ట్ ఎస్కాఫియేది. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా మధ్య జరిగిన యుద్ధంలో ఫ్రెంచి సైన్యానికి వండినవాడు కాబట్టి, తర్వాత లండన్‌లోని సవాయ్ హోటల్లోనూ సైనిక పద్ధతే తెచ్చాడు. పైన షెఫ్, ఆయన కింద ఇంకో షెఫ్, సాసులకు ఒకరు, చేపలకు ఒకరు, కాల్చే పనికి ఒకరు. అన్నిటికంటే అడుగున గిన్నెలు కడిగేవాళ్లు. ఆ హోదాలన్నీ మా దగ్గరా ఉన్నాయి, మనుషులే లేరు. ఎవరు రాకపోతే ఆ రోజుకి ఆ హోదా నాది. ఒక్క వారంలో అన్ని ప్రమోషన్లు పొందిన ఉద్యోగి ఇంకెక్కడా ఉండడు. జీతం మాత్రం ఒక్కసారీ పెరగలేదు.

మొదట ఎదురుతిరిగింది ఫ్రిజ్. పొద్దున తలుపు తీస్తే లైటు చక్కగా వెలిగింది, చల్లదనమే లేదు. ఐదు డిగ్రీల లోపు ఉండాల్సిన చోట థర్మామీటర్ 14 చూపిస్తోంది. ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకు స్వర్ణయుగం. అన్నీ కలిసొస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అంటే ఒక్కటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. ఆ వారం మా సంస్థలో వృద్ధి నమోదైన విభాగం అదొక్కటే.

"వాసన బాగానే ఉంది, గట్టిగా మరిగించేద్దాం" అన్నారు మాస్టర్. ఆయన ముక్కు మీద నాకు గౌరవముంది. కానీ వాసన రాకుండానే ఆసుపత్రికి పంపగల క్రిములున్నాయి, వాటిలో కొన్ని పెరుగుతూ వదిలిన విషం మరిగించినా పోదు. అన్నీ పారబోయించాను. మాస్టర్ ఒక్కో గిన్నె వంచేటప్పుడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇక్కడో చిన్న చరిత్ర. 1960ల్లో వ్యోమగాములకు పంపే తిండి కోసం నాసా, పిల్స్‌బరీ కంపెనీ కలిసి ఒక పద్ధతి కనిపెట్టాయి. వండే దారిలో ఏ మలుపులో ఏ ప్రమాదముందో ముందే గుర్తించి, అక్కడ కాపలా పెట్టి, చూసిందల్లా రాసిపెట్టుకోవడం. ఇప్పుడు ఎన్నో దేశాల్లో తిండి భద్రతకు అదే ప్రాతిపదిక. మా గోడకూ ఆ రికార్డు పుస్తకం వేలాడుతోంది. ఫ్రిజ్ ఆగిన రోజు తెరిచి చూస్తే 4 డిగ్రీలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది. తర్వాతి రెండు రోజులకీ కూడా 4 డిగ్రీలే, ముందే నింపేశారు. అంతరిక్ష శాస్త్రవేత్తలకైనా ఇంత దూరదృష్టి ఉండదు.

మెకానిక్ "దారిలోనే ఉన్నా సార్" అని పొద్దున చెప్పి, సాయంత్రానికి ఆ దారి పూర్తి చేశాడు. వెనక రేకు విప్పితే కాయిల్ మీద దుమ్మూ జిడ్డూ కలిసి దళసరి దుప్పటి కప్పినట్టుంది. ఆ దుప్పటి కింద మోటారు ఉడికిపోయింది. బిల్లు చూశాక నేనూ.

మధ్యలో సరుకు తెచ్చే బండి రానిదీ, గ్యాస్ సరిగ్గా రద్దీలోనే అయిపోయినదీ ఉన్నాయి గానీ, అవి ఏ వారమైనా ఉండేవే. రేటింగుల సంగతి మాత్రం చెప్పాలి. ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే గిన్నెలో సూప్ పంచుకున్న ఇద్దరిలో ఒకరు 'నాలుక కాలింది' అని ఒక స్టార్ ఇచ్చారు, ఇంకొకరు 'చల్లారిపోయింది' అని ఒక స్టార్ ఇచ్చారు. ఇద్దరికీ 'మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు' అని బదులు రాశాను, వేర్వేరుగా. అసలు మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో ఉచితంగా గైడు పంచడం మొదలుపెట్టింది జనం కార్లలో ఎక్కువ తిరగాలని, తిరిగితే టైర్లు అరుగుతాయని. రెస్టారెంట్లకు స్టార్లివ్వడం 1926లో వచ్చింది. అప్పట్లో అరిగినవి టైర్లు కాబట్టి మార్చుకునే వీలుండేది.

ఇక శనివారం రాత్రి. పాత్రలు తోమే ఆవిడకు జ్వరం, రాలేనని కబురొచ్చింది. తెలియనివాళ్ల కోసం ప్లేట్ల లెక్క చెబుతాను. ఒక్కో కుర్చీకి మూడు ప్లేట్లన్నా ఉండాలి. తినేవాళ్ల ముందు ఒకటి, సింకులో ఒకటి, అలమరలో ఒకటి. ఈ మూడూ తిరుగుతున్నంతసేపే వ్యాపారం. ఆవిడ లేకపోయేసరికి గంటలో మూడూ సింకులోకి చేరాయి. టేబుళ్ల నిండా జనం, పొయ్యి మీద వంట సిద్ధం, పెట్టడానికి ప్లేటు లేదు. "ప్లేట్! ప్లేట్!" అని మాస్టర్ గరిటెతో బల్ల మీద కొడుతున్నారు. మూకుడులో కూర అరవై డిగ్రీల వైపు దిగుతోంది. పార్సిల్ ఆర్డర్ల ఫోను ఒక పక్క కుయ్‌కుయ్‌మంటోంది. ఖాళీగా ఉన్న అధికారి సంస్థ మొత్తంలో ఒక్కడే. చొక్కా చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడ్డాను.

తోమడం చూసినంత తేలిక కాదు. నీళ్లు చల్లారితే వదిలిన జిడ్డు తిరిగొచ్చి పక్క ప్లేటుకు అంటుకుంటుంది. నురగ కింద ఫోర్కులు మాటు వేసి ఉంటాయి. అరగంటకు వేళ్ల చివర్లు తెల్లబడి ముడతలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఒక కస్టమర్ వంటగదిలోకి తొంగిచూశాడు.

"ఓనర్ ఎక్కడ? ఎంతసేపని కూర్చోవాలి?"

"ఇప్పుడే బయటికెళ్లారు సార్" అన్నాను.

ఆయన గోపురంలా పేర్చిన గిన్నెలు చూశాడు, నన్ను చూశాడు, కోపం తగ్గింది. "ఇంత పనికి నువ్వొక్కడివేనా? జీతమన్నా సరిగ్గా ఇస్తున్నాడా?"

"చాలాకాలంగా ఇవ్వట్లేదు సార్."

"ఛ. ఇలాంటివాళ్ల దగ్గర ఎందుకు చేస్తున్నావయ్యా" అని నా చొక్కా జేబులో ఒక నోటు పెట్టి వెళ్లాడు.

ఈ రంగంలో పాత సూత్రం ఒకటుంది. వచ్చిన ప్రతి వందలో సరుకులూ జీతాలూ కలిపి అరవై దాటకూడదు. మిగిలిన నలభైలోంచి అద్దె, గ్యాసు, కరెంటు, పగిలిన ప్లేట్లు, ఫ్రిజ్ మెకానిక్ తలా ఒక ముద్ద తిని లేచాక అడుగున ఉండేది లాభం. ఆ వారం అడుగు ఖాళీ. నాకు నికరంగా దక్కిన ఆదాయం జేబులోని ఆ నోటే. ఓనరుగా కాక, ఓనరుకు వ్యతిరేకంగా సంపాదించింది.

కాబట్టి సంస్థలో హోదాలు తిరగరాయాలని నిర్ణయించాను. అందరికంటే పైన పాత్రలు తోమే ఆవిడ, తర్వాత ఫ్రిజ్, తర్వాత మాస్టర్, సప్లయర్లు. చివర్లో చోటు మిగిలితే నేను. సోమవారం ఆవిడ రాగానే మొదటి ఉత్తర్వుగా జీతం పెంచుతున్నానని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ అలమరలోంచి ఒక ప్లేటు తీసి, బొటనవేలితో రుద్ది, వెలుతురుకు ఎత్తి చూసింది.

"పెంచితే పెంచండి బాబూ. ఈసారి నేను రాకపోయినా మీరు మాత్రం సింకు దగ్గరికి రావొద్దు. ఇవన్నీ మళ్లీ తోమాలి."